అలకపాన్పు ఎక్కిన డబ్బా

ముప్పై రెండేళ్ళ ఉద్యోగంలో కంప్లైంటు పుస్తకంలో "సరిచేయబడినది" అని ఎన్నిసార్లు రాసి సంతకం పెట్టానో నాకే తెలియదు. అందులో చాలామటుకు నిజాలే. కొన్ని సగం నిజాలు. ఒక్కటి మాత్రం శుద్ధ అబద్ధం. కాకపోతే, రాసేటప్పుడు అది అబద్ధమని నాకు తెలియదు. ఇవాళ టెస్టరు జేబులో పెట్టుకుని ఇళ్ళకు తిరుగుతున్న మీరందరూ నాకంటే చదువుకున్నవాళ్ళు, ఫోనులో బొమ్మలు చూసి పని నేర్చుకున్నవాళ్ళు. అయినా ఈ సంగతి ఆ బొమ్మల్లో ఉండదు కాబట్టి చెబుతున్నాను.

ఉద్యోగంలో చేరకముందు నేను ఆటోనగర్‌లో మోటార్లు రీవైండింగ్ చేసే షెడ్డులో పనిచేశాను. అక్కడ నాకు అబ్బిన చదువంతా రెండు ముక్కల్లో చెప్పొచ్చు. మోటారు తిరిగితే బాగున్నట్టు, తిరక్కపోతే పాడైనట్టు. ఈ రెంటికీ మధ్య ఇంకో రకం ఉంటుందనీ, చక్కగా తిరుగుతూనే మనిషికి కీడు చేసేది కూడా ఉంటుందనీ అక్కడెవరూ చెప్పలేదు. చెప్పినా వినే వయసు కాదు.

తర్వాత భవానీపురంలో ఒక సంస్థ వారి స్టాఫ్ క్వార్టర్సులో వైర్‌మ్యాన్‌గా కుదిరాను. పాతకాలపు కట్టడాలు, మొజాయిక్ నేలలు, ఎత్తు గోడలు. తొంభైల చివర్లో వాటన్నిటికీ కొత్త వైరింగు చేయించారు. సరిగ్గా అప్పుడే మా సెక్షనుకు ఒక ఆడ ఇంజనీరు వచ్చారు. మేమంతా ఇంజనీరమ్మ గారు అనేవాళ్ళం. నాకంటే పదేళ్ళు చిన్న. మనిషి నెమ్మది, పట్టుదల మాత్రం గట్టిది. ప్రతి ఇంట్లో వంటింటి లైనుకు విడిగా ఒక ట్రిప్పర్ డబ్బా పెట్టాల్సిందేనని పైవాళ్ళతో వాదించి సాధించారు.

పని మొదలుపెట్టే ముందు మమ్మల్నందర్నీ స్టోర్‌రూములో కూర్చోబెట్టి, ఆ తెల్ల డబ్బా చేతిలో పట్టుకుని చెప్పారు. "ఫ్యూజు కాపాడేది వైరుని. ఇది కాపాడేది మనిషిని. లైనులోకి వెళ్ళిన కరెంటు ఎంత, తిరిగి వచ్చింది ఎంత అని ఇది చూసుకుంటూ ఉంటుంది. తిరిగొచ్చింది కాస్త తగ్గిందంటే, మధ్యలో ఎక్కడో పక్కదారి పట్టిందన్నమాట. నేలలోకైనా పోవాలి, మనిషి ఒంట్లోకైనా పోవాలి. అందుకని ఆలోచించకుండా ఆపేస్తుంది. వంటింట్లో తడి ఉంటుంది, కాళ్ళకు చెప్పులుండవు. ఇది ఉండాల్సింది అక్కడే."

ఆవిడ చెప్పింది చెప్పినట్టు నాకు అర్థమైంది. అర్థం కావడానికీ మనసుకు పట్టడానికీ మధ్య ఎంత దూరం ఉంటుందో తర్వాత తెలిసింది.

మా హెడ్ వైర్‌మ్యాన్ గారికి ఆ డబ్బాలంటే మొదట్నుంచీ గిట్టదు. రిటైర్మెంటుకు ఏడాది ఉన్న మనిషి. స్తంభాలెక్కి పెరిగినవాడు, లైను ఉందో లేదో వేలి వెనకవైపుతో తాకి చెప్పేవాడు. స్టోర్‌రూములోంచి బయటికొస్తూనే నా భుజం తట్టి, "అబ్బాయ్, ఇది కొత్త అల్లుడి టైపు. మర్యాద ఆవగింజంత తగ్గితే చాలు, అలకపాన్పు ఎక్కి కూర్చుంటుంది. చూస్తూ ఉండు" అన్నాడు.

అన్నట్టే అయింది. డబ్బాలు పెట్టిన వారం నుంచీ కంప్లైంట్లే కంప్లైంట్లు. గ్రైండరు వేస్తే మీట పడిపోతుంది, గీజరు వేస్తే పడిపోతుంది, వాన పడితే పడిపోతుంది. ఆఫీసులో దానికి అలిగే డబ్బా అని పేరు స్థిరపడింది. ఫోను మోగితే చాలు, "ఏ బ్లాకులో అలిగిందిరా ఇవాళ?" అని అడిగేవాళ్ళు. నిజానికి చాలా ఇళ్ళలో అది న్యాయంగానే అలిగింది. ఏళ్ళ తరబడి కారుతున్న పాత సామాన్ల గుట్టు అది వచ్చాకే బయటపడింది. కానీ గుట్టు బయటపెట్టినవాడి మీదే కదా అందరికీ కోపం వచ్చేది. సామాను బాగుచేయించుకోండి అంటే ఒక్కరూ వినలేదు. మీ డబ్బాయే పనికిరాదన్నారు.

దీనికి మందు హెడ్ గారే కనిపెట్టారు. డబ్బా జోలికి పోలేదు, పోతే ఇంజనీరమ్మ గారికి దొరికిపోతాం. ఏ సామాను వల్ల పడిపోతోందో దాని త్రీ పిన్ ప్లగ్గు విప్పి, లోపల పెద్ద పిన్నుకు బిగించిన పచ్చ వైరు, అంటే ఎర్త్ వైరు, తీసేసి పక్కకి మడిచేసేవాళ్ళం. అంతే, అలక తీరిపోయేది. ఎందుకు తీరేదంటే, సామానులోంచి కారే కరెంటు నేలలోకి పోయే దారి ఆ పచ్చ వైరే. దారి మూసేస్తే కారేది కారడం మానేస్తుంది, డబ్బాకు కనబడదు. మానేస్తుందని మేమనుకున్నాం. నిజానికి ఇంకో దారి దొరికేదాకా అది ఆ సామాను రేకులోనే కాచుకుని ఉంటుంది.

ఈ పనిలో నాకు చెయ్యి తిరిగింది. నిమిషంలో ప్లగ్గు విప్పి, నిమిషంలో బిగించేవాణ్ణి. ఇళ్ళవాళ్ళు మజ్జిగిచ్చి పంపేవాళ్ళు. అలక తీర్చాలంటే నన్నే పంపమని పేరు పెట్టి అడిగేవాళ్ళు. ఆ గొప్ప నాకు బాగా ఎక్కింది, ఇప్పుడు దాచడమెందుకు. అలా నాలుగు నెలల్లో పదకొండు ఇళ్ళలో పచ్చ వైరు తీశాను.

ఆ పదకొండులో ఒకటి సి బ్లాకు రెండో అంతస్తులో ఇల్లు. ఆయన మా సంస్థలోనే గుమాస్తా. ఉత్తరాలు, మెమోలు అచ్చు గుద్దినట్టు రాసే మనిషి, భార్యంటే ప్రేమ, ఇంట్లో చెయ్యి కదపడమంటే బద్ధకం. కొత్తగా ఫ్రిజ్ కొన్నారు. వేసవి మొదట్లో ఒకరోజు మా ఆఫీసుకే వచ్చి నిలబడ్డాడు.

"ఏమండీ, మీ డబ్బా పగలు ఎప్పుడు పడిపోతుందో తెలియదు. బోర్డు మా ఆవిడకి అందదు, అందినా భయపడి ముట్టుకోదు. సాయంత్రం నేనొచ్చి చూసేసరికి పాలు విరిగిపోతున్నాయి. మీరే చెప్పండి, కొత్త ఫ్రిజ్ కొని పాలు విరగ్గొట్టుకోవడం ఎందుకండీ?"

వెళ్ళి చూశాను. ఒక్కొక్క ప్లగ్గూ తీసి చూస్తే దోషం ఫ్రిజ్‌దేనని తేలింది. మెకానిక్‌కి చూపించండి సార్ అన్నాను. ఆయన తలుపు తీసి, లోపల చెయ్యి పెట్టి, "ఐసు కడుతోంది చూడండి. ఇంత చల్లగా ఉన్న ఫ్రిజ్‌కి రోగమేమిటండీ?" అన్నాడు. ఆటోనగర్ చదువు నాలో కూడా తల ఊపింది. తిరుగుతోంది కాబట్టి బాగుంది. ప్లగ్గు విప్పాను, పచ్చ వైరు తీశాను. డబ్బా మీదున్న టెస్టు మీట నొక్కితే టక్కుమని పడింది కూడా. ఆ మీట డబ్బాను పరీక్షిస్తుందే గాని ప్లగ్గులో పచ్చ వైరు ఉందా లేదా అన్నది దానికేం తెలుసు! పరీక్ష పాసయిందని సంతోషించాం.

పద్ధతి ప్రకారం అడగాలి కాబట్టి, వెళ్ళేముందు ఆయన భార్యను అడిగాను. "అమ్మా, షాక్ ఏమైనా కొడుతోందా?"

"లేదండీ" అందావిడ.

పుస్తకంలో రాశాను, సరిచేయబడినది అని.

ఆవిడ సొంతూరు చల్లపల్లి. తండ్రి, తాత అందరూ బడిపంతుళ్ళే. ఆవిడా టీచరు ట్రైనింగు చదువుకుని, పరీక్షలు రాసి, ఉద్యోగం కోసం ఎదురుచూస్తోందని క్వార్టర్సులో అందరికీ తెలుసు. పక్కింటి పిల్లలకు సాయంత్రాలు లెక్కలు చెప్పేది. వాకిట్లో ముగ్గు కంటే ముందు కూడికలు కనబడేవి, నేల మీద సుద్దముక్కతో రాసినవి.

ఆ ఏడు వానలు దిగాక, ఒక గురువారం మధ్యాహ్నం, హాల్లో ఫ్యాను రెగ్యులేటరు మార్చడానికి ఆ ఇంటికి వెళ్ళాను. ఆవిడ ఒక్కతే ఉంది. బాగా చిక్కిపోయింది. పని అయ్యాక, "అన్నయ్యగారూ, కాస్త చల్లటి నీళ్ళు తాగి వెళ్ళండి" అని వంటింట్లోకి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఆ వంటింట్లోనే దేవుడి అర ఉంది, లోపలికి ఎవరూ చెప్పులతో వెళ్ళరు. ఆవిడ ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి, చీర కొంగు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, అప్పుడు తలుపు పట్టుకుని లాగింది. వేడి గిన్నె దించేటప్పుడు పట్టుకుంటారే, అలాగ.

"కొంగెందుకమ్మా?" అన్నాను.

"దీన్ని పట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుందండీ. నరాల బలహీనత కదా నాకు. చల్లటి వస్తువులు ముట్టుకోవద్దన్నారు డాక్టరు గారు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"వేసవి నుంచీ. మోచేయి దాకా తిమ్మిరి ఎక్కుతుంది. ముందు ఎప్పుడో ఒకసారి ఉండేది, ఈ వానలు మొదలయ్యాక ఎక్కువైంది. సూదులు వేయించుకున్నాను, మాత్రలు మింగుతున్నాను. చల్లపల్లి వెళ్తే పది రోజులూ హాయిగా ఉంటుంది. మళ్ళీ ఇక్కడికి రాగానే మొదలు. పుట్టింట్లో తగ్గే జబ్బు, అత్తింట్లో వచ్చే జబ్బు అని అందరూ ఒకటే నవ్వడం." ఆవిడ కూడా నవ్వింది. "ఇంకో వింత చెప్పనా? ఆ పై అర అందుకోవాలంటే పీట ఎక్కుతానండీ. ఎక్కినప్పుడు చెయ్యి ఈ ఫ్రిజ్ మీదే ఆనిస్తాను. అప్పుడు మాత్రం ఏమీ ఉండదు. డాక్టరు గారితో చెబితే, కాళ్ళకి నేల చల్లదనం తగలదు కదా, అందుకని అన్నారు."

చెక్కపీట. కాళ్ళకీ నేలకీ మధ్య కరెంటుకు దారి ఇవ్వని ఎండు చెక్క. నా చేతిలో స్క్రూడ్రైవరు ఉంది, దాన్ని ఎక్కడ పెట్టానో గుర్తులేదు.

జేబులోంచి టెస్టరు తీసి ఫ్రిజ్ రేకుకు ఆనించాను. దీపం వెలిగింది. అక్కడితో సరిపోవాలి. కానీ నేనింకో పని చేశాను, మీరు మాత్రం జన్మలో చెయ్యకండి. పంపు కింద చెయ్యి తడుపుకుని, ఉత్తకాళ్ళతో ఆ నేల మీద నిలబడి, వేళ్ళ వెనకవైపుతో ఆ తలుపు తాకాను. జివ్వుమంది. డబ్బా మాత్రం పడలేదు, ఒంట్లోంచి పోయేది దాని లెక్కకు అందనంత తక్కువ. నాలుగు నెలలుగా రోజుకు ఇరవైసార్లు ఆవిడ పట్టుకున్నది దాన్నే.

ప్లగ్గు పీకేశాను. "దీన్ని వాడకండమ్మా, చిన్న రిపేరుంది. సాయంత్రం మళ్ళీ వస్తాను" అన్నాను.

"అలాగేనండీ" అని, కాస్త ఆగి, "ఈ తిమ్మిరి లేకపోతే సోమవారం నేను ఉద్యోగంలో చేరాల్సిందండీ. ఉయ్యూరు అవతల బడి. ఆర్డరు వచ్చింది. సోమవారంలోగా చేరకపోతే పోయినట్టే. నరాలు ఇలా ఉంటే రోజూ బస్సెక్కి ఏం వెళ్తావు, దారిలో పడిపోతే దిక్కెవరు అంటారు ఆయన. ఆయన భయం ఆయనది. చేరలేనని కాగితం రాశారు, పొద్దున్నే సంతకం పెట్టాను. రేపు పోస్టులో వేస్తారు" అంది.

ఏడవలేదు. కూరలకు ఎంతయిందో చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి, "నీళ్ళు తాగనే లేదు అన్నయ్యగారూ" అని పిలిచింది.

సైకిలెక్కి ఆఫీసుకు వచ్చి హెడ్ గారికి చెప్పాను. ఆయన తలుపు దగ్గరికి వేసి వచ్చి, "పచ్చ వైరు మళ్ళీ బిగించెయ్. ఫ్రిజ్ బాగు చేయించుకోమని చెప్పు. ఆవిడ నరాలు వాటంతటవే నయమైపోతాయి. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, ఆ మాట నాకు బాగా నచ్చింది. పిల్లలు బడిలో ఉన్నారు, సూపర్‌వైజరు ప్రమోషన్ జాబితాలో నా పేరుంది. వైరు బిగిస్తే ఆవిడ ప్రాణానికి భయం లేదు, నా ఉద్యోగానికీ భయం లేదు. డాక్టరు గారి మందులు పనిచేశాయని అందరూ అనుకుంటారు. కుర్చీలో కూర్చుని ఈ లెక్క రెండుమూడు సార్లు వేసుకున్నాను. ప్రతిసారీ ఒకచోట ఆగిపోయేది. నరాలు నయమవుతాయి, సరే. సోమవారం మళ్ళీ రాదు కదా.

లేచి ఇంజనీరమ్మ గారి గది వైపు నడిచాను. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి చూస్తే హెడ్ గారు చొక్కా గుండీలు పెట్టుకుంటూ వస్తున్నాడు. లోపలికి నాకంటే ముందు ఆయనే వెళ్ళి, "పచ్చ వైరు తియ్యమని నేర్పింది నేనేనమ్మా. వీడు నేర్చుకున్నాడు, అంతే" అన్నాడు. ఆయన మీద నాకు అప్పటిదాకా ఉన్న కోపమంతా ఏమైపోయిందో తెలియదు.

ఇంజనీరమ్మ గారు మొత్తం విన్నారు. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది.

"ఆవిణ్ణి అప్పుడు అడిగారా, షాక్ కొడుతోందా అని?"

"అడిగానండీ. లేదన్నారు."

"తిమ్మిరి ఉందా అని అడిగారా?"

"నేను కరెంటు పనివాణ్ణి కదండీ, తిమ్మిరి సంగతి..." అని సగంలో ఆగిపోయాను.

ఆవిడ నా వైపే చూస్తూ, "మనవాళ్ళు దేన్ని షాక్ అంటారో తెలుసుగా మీకు. విసిరి అవతల పారేస్తేనే షాక్. మిగతాదంతా ఇంకేదో" అన్నారు. ఆ తర్వాత కంప్లైంటు పుస్తకం తెప్పించి, "ఎన్ని ఇళ్ళు?" అని అడిగారు.

"పదకొండండీ."

"నడవండి."

గుమాస్తా గారు ఇంటికి వచ్చేది ఆరింటికి. ఆయన ఉన్నప్పుడే ఆ ఇంటికి వెళ్దామన్నారు ఇంజనీరమ్మ గారు. ఈలోగా మిగతా పది ఇళ్ళూ ముగ్గురం తిరిగాం. ప్రతి ఇంట్లో నేను ప్లగ్గు విప్పి పచ్చ వైరు బిగించడం, నా నోటితోనే ఇది నేను చేసిన తప్పు అని చెప్పడం. ఆవిడ పెట్టిన షరతు అదొక్కటే. కొందరు తిట్టారు. కొందరు మళ్ళీ డబ్బా అలుగుతుందేమోనని గొణిగారు.

ఆ పది ఇళ్ళలో నేను అడిగిన ప్రశ్న మాత్రం మార్చాను. షాక్ అనే మాట ఎత్తకుండా, "దీన్ని ముట్టుకుంటే ఏమైనా తెలుస్తుందాండీ?" అన్నాను. ఒకావిడ చీమ కుట్టినట్టుంటుందంది. ఒకాయన, ఉతికే మిషను కాస్త గరుగ్గా తగులుతుందన్నాడు. బి బ్లాకులో ఒక మామ్మగారు అయితే బుగ్గలు నొక్కుకుని, "అబ్బే, ఏం లేదు నాయనా. గ్రైండర్లోంచి పిండి తీసేటప్పుడు కాస్త చక్కిలిగింత పెడుతుంది, అంతే" అంది. హెడ్ గారు అక్కడే అరుగు మీద కూలబడ్డాడు. సి బ్లాకు తిమ్మిరితో కలిపి నాలుగిళ్ళలో నాలుగు మాటలు. షాక్ అన్నవాళ్ళు ఒక్కరు లేరు.

అందుకే మీకు చెప్పేది. డబ్బా పడిపోతుంటే దాని నోరు నొక్కకండి, అది ఎందుకు పడిపోతోందో వెతకండి. పచ్చ వైరు మీద చెయ్యి వెయ్యకండి. అన్నిటికంటే ముందు, ఆ ఇంట్లో ఎవరు ఉత్తకాళ్ళతో, తడిచేతులతో ఆ సామాన్లు ముట్టుకుంటారో వాళ్ళని అడగండి, వాళ్ళ మాటల్లో అడగండి. కంప్లైంటు ఇచ్చినవాణ్ణి అడిగితే పాల సంగతి చెబుతాడు.

మా ఇద్దరికీ మెమోలు వచ్చాయి. హెడ్ గారు మెమోతోనే రిటైరయ్యాడు. నా ప్రమోషను మూడేళ్ళు వెనక్కి పోయింది. దానికి నేనెప్పుడూ బాధపడలేదని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది, బాధపడ్డాను. కానీ ఆ గురువారం సాయంత్రం ఆరింటికి సి బ్లాకు మెట్లెక్కుతున్నప్పుడు పడ్డదాంతో పోలిస్తే అది ఏపాటి.

గుమాస్తా గారు అప్పుడే వచ్చినట్టున్నాడు, ఆఫీసు చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది. ఇంజనీరుని చూసి కంగారుగా కుర్చీలు జరిపాడు. ఆవిడ కూర్చోలేదు. నా వైపు చూశారు.

నేను చెప్పడం మొదలుపెట్టాను. పచ్చ వైరు సంగతి, అది తీసింది నేనన్న సంగతి, ఫ్రిజ్ వెనక నీళ్ళ ట్రే చెమ్మ వల్లనో ఏమో కరెంటు రేకులోకి కారుతున్న సంగతి. ఆయనకి మొదట నమ్మకం కలగలేదు. "డాక్టరు గారు నరాలన్నారు కదండీ. పెద్ద డాక్టరు. ఆయనకి తెలియదంటారా?" అన్నాడు.

"ఆయన చెయ్యి చూశారండీ, ఫ్రిజ్‌ని చూడలేదు" అన్నారు ఇంజనీరమ్మ గారు.

అందర్నీ దూరంగా నిలబెట్టి ఫ్రిజ్ ప్లగ్గు ఒక్కసారి పెట్టి, రేకు మీద టెస్టరు ఆనించాను. దీపం వెలిగింది. ప్లగ్గు తీశాను, ఆరిపోయింది. ఆయన దగ్గరికి వంగి ఇంకోసారి చూపించమన్నాడు. మళ్ళీ చూపించాను. ఆయన ముఖంలో రంగు దిగిపోయింది. "రోజూ మంచినీళ్ళు ఇయ్యి ఇయ్యి అని హాల్లోంచి కేకేసేవాణ్ణి" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా.

నేను ఆవిడ వైపు తిరిగి, "తప్పు నాదమ్మా. మీ నరాలది కాదు" అన్నాను. తిట్టడానికి ఆవిడకి అన్ని హక్కులూ ఉన్నాయి. ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాను.

ఆవిడ కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని, వేళ్ళు ముడిచి, తెరిచి, మళ్ళీ ముడిచింది. ఎవరిదో చెయ్యి అయినట్టు దాన్నే చూసుకుంది.

"అయితే నాకు జబ్బు లేదా అండీ?"

"లేదమ్మా."

"నిజంగా లేదా?"

"మీకు ఏ జబ్బూ లేదు" అన్నారు ఇంజనీరమ్మ గారు. "నాలుగు రోజులు ఈ ఫ్రిజ్ ముట్టుకోకుండా ఉండి చూడండి, మీకే తెలుస్తుంది."

అప్పుడు ఏడ్చిందావిడ. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, మధ్యలో నవ్వుతూ ఏడ్చింది. నా వైపు ఒక్క కోపపు చూపైనా చూస్తుందేమోనని ఎదురుచూశాను. చూడలేదు. నన్ను ఆవిడ అప్పటికే మర్చిపోయింది. నాకది తిట్టు కంటే గట్టిగా తగిలింది.

కళ్ళు తుడుచుకుని భర్త దగ్గరికి వెళ్ళింది. "ఆ కాగితం ఇలా ఇవ్వండి."

ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. ఆవిడ మడతలు విప్పి, బల్ల మీద పరిచి, చించకుండా వెనక్కి తిప్పింది. గూట్లోంచి పెన్ను తీసుకుంది.

"ఉయ్యూరు వైపు పొద్దున్నే బస్సు ఎన్నింటికండీ?"

ఆయన బల్ల దగ్గరికి వచ్చి, "ఆరూ నలభై అయిదుకి ఒకటుంది. బస్టాండు దాకా నేను దింపుతాను" అన్నాడు.

ఆవిడ బల్ల మీదికి వంగి రాసుకుంది, ఆరూ నలభై అయిదు అని, వెనక బెంచీ వాళ్ళకు కూడా కనబడేంత పెద్ద గుండ్రటి అక్షరాలతో.